ఇబ్నె సఫీ దూసరీ కితాబ్

ఆర్మూర్‌లో ఉర్దూ చదువుకున్న బుజుర్గుల దగ్గర కూర్చుని ఒక్కసారి ‘ఫరీదీ’ అనో, ‘ఇమ్రాన్’ అనో పేరెత్తి చూడండి. అప్పటిదాకా పసుపు ధర గురించి, యార్డులో తూకం గురించి మాట్లాడుతున్నవాళ్లు ఆ మాట పక్కన పెట్టేస్తారు. ఎవరి ఇంట్లో ఏ నావెల్ ఉండేదో, ఎవరు తీసుకుపోయి వాపస్ ఇవ్వలేదో, అన్నీ బయటికొస్తాయి. ఆ కితాబులు రాసిన ఇబ్నె సఫీ దక్కన్ మనిషి కాదు. అయినా మన ఇళ్లలో ఆయన్ని సొంత మనిషిలాగే చూసుకున్నారు.

ఆయన గురించి మాట్లాడేవాళ్లంతా మొదటి నావెల్ ‘దిలేర్ ముజ్రిమ్’తో మొదలుపెడతారు. అది 1952 మార్చిలో వచ్చింది. నేను మాత్రం ఈసారి దాని వెనకే వచ్చిన రెండో నావెల్ ‘ఖౌఫ్‌నాక్ జంగల్’ గురించి చెప్పదలుచుకున్నా. పహ్‌లీ కితాబ్‌తో ఆయన పేరు బయటికి వచ్చింది. ఆయన ముసన్నిఫ్‌గా నిలబడతాడా లేదా అన్నది తేలింది మాత్రం దూసరీ కితాబ్‌తోనే అని నా నమ్మకం.

ముందు కొంచెం వెనక్కి పోదాం. ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928 జులై 26న అలహాబాద్ జిల్లా నారా గ్రామంలో పుట్టాడు. మొదట షాయర్. ‘అస్రార్ నార్వీ’ పేరుతో గజళ్లు రాసేవాడు. ‘తుగ్రల్ ఫర్గాన్’ అనే ఇంకో పేరుతో తంజ్, మజాహ్ రాసేవాడు. బడిలో పాఠాలు చెప్పేవాడు. అలహాబాద్‌లో అబ్బాస్ హుసైనీ నడిపే ‘నక్హత్’ అనే ఇదారాలో ఆ కాలపు కుర్ర అదీబులంతా చేరేవాళ్లు. అక్కడొకసారి బహస్ నడిచింది. ఉర్దూలో అమ్ముడుపోవాలంటే ఫహష్ రాతలు రాయాల్సిందేనని ఎవరో అన్నారు. అస్రార్ అహ్మద్ కాదన్నాడు. శుభ్రంగా రాసినా జనం చదువుతారని వాదించాడు. అయితే రాసి చూపించు అన్నారు. ఆ పంతంలోంచి పుట్టిందే ‘జాసూసీ దునియా’ అనే నెలవారీ సిల్సిలా. వాలిద్ పేరు సఫీయుల్లాహ్ కాబట్టి ‘ఇబ్నె సఫీ’, అంటే సఫీ కొడుకు అని కలం పేరు పెట్టుకున్నాడు.

మొదటి నావెల్‌లో ఒక సంగతుంది. ‘దిలేర్ ముజ్రిమ్’ ప్లాట్ ఆయన సొంతం కాదు. విక్టర్ గన్ అనే ఇంగ్లిష్ రచయిత నావెల్ నుంచి తీసుకున్నాడు. ఆ మాట తర్వాత ఆయనే చెప్పాడు, దాచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ ఫరీదీ, సార్జెంట్ హమీద్ మాత్రం ఆయన సొంత మనుషులు. అంటే మొదటిసారి ఇల్లు అద్దెది, అందులో కాపురమున్నవాళ్లు తనవాళ్లు.

రెండోసారికి ఆ సౌలత్ లేదు. సిల్సిలా అని ఎలాన్ చేశాక మరుసటి నెల ఇంకో నావెల్ రావాల్సిందే. పైగా ఆ నెలలో ముప్పై రోజులూ రాసేవాడి చేతిలో ఉండవు. తెలుగు పుస్తకాలకు సీసపు అక్షరాలు పేర్చేవాళ్లుంటే, ఉర్దూకు కాతిబ్ ఉండేవాడు. మొత్తం కితాబ్‌ను హర్ఫ్ హర్ఫ్ చేత్తో కితాబత్ చేయాలి. అది సరిచూడాలి, లిథో మీదికి ఎక్కించాలి, అచ్చు వేయాలి, కుట్టాలి, పార్సిల్ కట్టాలి. నా సహాఫత్ అనుభవంతో చెబుతున్నా, డెడ్‌లైన్ అన్నది చివరి రోజు కాదు. మన తర్వాత పనిచేసేవాళ్లందరి రోజులూ తీసేస్తే మనకు మిగిలేదే డెడ్‌లైన్. 24 ఏళ్లు నిండని ఒక బడి టీచర్ ఆ మిగిలిన రోజుల్లో రెండో నావెల్ పూర్తి చేశాడు. 1952 ఏప్రిల్‌లో ‘ఖౌఫ్‌నాక్ జంగల్’ వచ్చింది. ఆ తర్వాత ‘ఔరత్ ఫరోష్ కా ఖాతిల్’, ఆ తర్వాత ‘తిజోరీ కా రాజ్’. సిల్సిలా ఆగలేదు.

జాసూసీ రాసినవాళ్లందరికీ దూసరీ కితాబ్ ఇంత తొందరగా రాలేదు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ సంగతి చూడండి. మొదటి నావెల్ 1887లో అచ్చయింది. దాని హక్కులన్నీ 25 పౌండ్లకే అమ్ముకున్నాడు. అది పెద్దగా పేలలేదు. రెండేళ్ల తర్వాత, 1889 ఆగస్టులో ఒక అమెరికన్ పత్రిక ఎడిటర్ లండన్ వచ్చి ఖానాకు దావత్ ఇచ్చి అడిగితే గానీ హోమ్స్ రెండో నావెల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ పుట్టలేదు. ఆ దస్తర్‌ఖాన్ దగ్గరే ఆస్కార్ వైల్డ్ కూడా ఉన్నాడు. ఆ ఒక్క దావత్ లేకపోతే హోమ్స్ ఒక్క నావెల్‌తో ఆగిపోయేవాడేమో. అక్కడ రెండో పుస్తకాన్ని ఎడిటర్ పిలుపు రాయించింది. అలహాబాద్‌లో నెల నెలా ఇస్తామన్న వాదా రాయించింది.

ఆ వాదాకు అసలు ఇమ్తిహాన్ అదే ఏడాది ఎదురైంది. వాలిద్ అప్పటికే కరాచీలో ఉన్నాడు. 1952 ఆగస్టులో అమ్మీని, బహెన్‌ను తీసుకుని అస్రార్ అహ్మద్ కూడా అక్కడికి హిజ్రత్ చేశాడు. సిల్సిలా మొదలై అయిదు నెలలే అయింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఖతమ్. ఆయన కరాచీ నుంచి రాస్తూనే ఉన్నాడు, అలహాబాద్‌లో అబ్బాస్ హుసైనీ వేస్తూనే ఉన్నాడు. ముల్కులు రెండయ్యాయి, ఖానదాన్లు చీలాయి, ఫరీదీ-హమీద్ మాత్రం రెండు వైపులా ఒకేలా తిరిగారు. 1955లో ‘ఇమ్రాన్ సిరీస్’ కూడా మొదలైంది.

ఇప్పుడు మన వైపు తారీఖ్ చూడండి. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో పెద్ద చదువులు ఉర్దూలో నడిచాయి. దఫ్తర్, అదాలత్, కొత్వాలీ, అన్నీ ఉర్దూలోనే. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత ఆ జమానా పోయింది. ఉర్దూ వస్తే నౌకరీ వస్తుందన్న భరోసా పోయింది. సరిగ్గా అలాంటి కాలంలోనే ‘జాసూసీ దునియా’ మొదలైంది. ఆర్మూర్‌కు అప్పట్లో రైలు లేదు. నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో పోయినవాళ్లు తెస్తే చేతులు మారుతూ ఇల్లిల్లూ తిరిగేవని మా పెద్దలు చెప్పేవాళ్లు. ఒకరు పైకి చదివితే పర్దా అవతల నుంచి ఆడవాళ్లు వినేవాళ్లట. నౌకరీ కోసం కాకుండా కేవలం శౌఖ్ కోసం చదివే ఉర్దూ మన ఇళ్లలో నిలబడిందంటే అందులో ఈ పలచని కితాబుల హిస్సా తక్కువేం కాదు. తహజీబ్ దాటకుండా రాశాడు కాబట్టే అవి అమ్మీ తలగడ దగ్గర కూడా కనిపించేవి. నక్హత్‌లో వేసిన పంతం గెలిచింది అక్కడే.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. అందుకని రెండు అల్మారాలూ చూశా. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉన్నారు. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగాయవి. కానీ క్లాసులో వాళ్ల పేర్లు నేనెన్నడూ వినలేదు. ఇబ్నె సఫీ గతి కూడా చాలాకాలం అదే. అదబ్ వాళ్లు ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టారు. చివరికి ఉర్దూలో అంత పెద్ద నఖ్ఖాద్ అయిన షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ స్వయంగా నాలుగు ‘జాసూసీ దునియా’ నావెళ్లను ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. చెన్నై ప్రచురణ సంస్థ ఒకటి 2011లో వాటిని వేసింది. అప్పటికి ఇబ్నె సఫీ ఇంతెఖాల్ అయ్యి 31 ఏళ్లు.

ఆయన జిందగీలో ఇంకో దూసరీ కితాబ్ కూడా ఉంది. 1960లో జెహ్నీ బీమారీ పట్టుకుంది. మూడేళ్లు కలం ఆగిపోయింది. ఆ ఖాళీలో నకిలీ ‘సఫీ’లు బయల్దేరారు. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ మార్చి, అవే పాత్రలతో అచ్చేసి అమ్ముకున్నారు. ఒక హకీమ్ ఇలాజ్‌తో కోలుకున్నాక 1963 నవంబర్‌లో ‘డేఢ్ మత్‌వాలే’తో తిరిగొచ్చాడు. హిందుస్తాన్‌లో ఆ నావెల్‌ను ఆవిష్కరించింది ఎవరో తెలుసా? లాల్ బహదూర్ శాస్త్రి. మరుసటి ఏడాది వజీరె ఆజమ్ అయిన శాస్త్రీజీయే. జనం ఎంతగా ఎగబడ్డారంటే వారం తిరక్కుండానే మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. దిమాగీ బీమారీ వస్తే దాచిపెట్టే ఇళ్లు మనలో ఇప్పటికీ ఉన్నాయి. మూడేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనిషి మళ్లీ రాయగలిగాడన్న సంగతి ఆ ఇళ్లలో చెప్పుకోవాలి.

1980 జులై 26న, సరిగ్గా తను పుట్టిన తారీఖునే, ఆయన ఇంతెఖాల్ అయ్యాడు. రెండు సిరీస్‌లూ కలిపితే 240కి పైగా నావెళ్లు. వాటి ముందు ‘పేష్‌రస్’ అని నాలుగు మాటలు రాసేవాడు. అందులో ఖారీల ఖత్‌లకు జవాబులుండేవి. తప్పు పట్టినవాళ్లతో చమత్కారంగా మాట్లాడేవాడు, మెచ్చుకున్నవాళ్లను కాస్త ఆటపట్టించేవాడు. ముసన్నిఫ్‌కూ ఖారీకీ మధ్య అంత దోస్తీ ఉన్నచోట ఇంకో కితాబ్ రాయకుండా ఎవరుంటారు?

ఇదంతా ఇప్పుడెందుకంటే, 1998లో ‘జల్‌జలా’ వచ్చినప్పుడు తెలుగులో ముసల్మాన్ల గొంతు ఒక్కసారిగా వినబడింది. ఆ తర్వాత మనవాళ్లు ఎందరో రాశారు. నాకు తెలిసిన కొందరు మాత్రం ఒక్క కితాబ్ వేసి, అప్పు తీర్చుకుని, ఊరుకున్నారు. అది వాళ్ల కమ్‌జోరీ అని నేననను. మొదటి కితాబ్ ఆవిష్కరణకు శాలువా కప్పాం, ఫొటో దిగాం. చదివి ఒక్క ఖత్ రాయలేదు, ఒక్క ఫోన్ చేయలేదు. దూసరీ కితాబ్ ఏ భరోసాతో రాస్తారు?

మన పసుపు రైతుకు ఒక సంగతి తెలుసు. ఉడకబెట్టిన కొమ్ము మళ్లీ మొలకెత్తదు. అందుకే తవ్విన పంటంతా కడాయిలో పోయడు. వచ్చే ఏటి విత్తనం పచ్చిగానే పక్కన దాస్తాడు, ఆ ఏడు ధర ఎంత బాగున్నా సరే.

మీ ఇళ్లలో ఇనప పెట్టెల అడుగున ‘జాసూసీ దునియా’ పాత కాపీలు ఉంటే రద్దీకి వేయకండి. మన పిల్లల్లో చాలామందికి నస్తాలీక్ చదవడం రాదు, కానీ వింటే అర్థమవుతుంది. దాదా, దాదీ ఉండగానే రోజుకు నాలుగు పేజీలు పైకి చదివించండి. విన్న పిల్లలు ఆ కిస్సా తెలుగులో రాస్తామంటే కాగితం, కలం ఇవ్వండి. రాశాక ఓపిగ్గా చదివి, ఇంకోటి ఎప్పుడు రాస్తావని అడగండి.