చదరంగమున అల్పబలుని గెలుపు

పాచికలాటలో ఓడినవాడు పాచికను నిందింపవచ్చును. పేకాటలో ఓడినవాడు తనకు మంచి ముక్కలు పడలేదని చెప్పుకొనవచ్చును. చదరంగమున అట్టి సాకులకు చోటు లేదు. ఇరువురికిని 16 బలములే. పలక మీద 64 గళ్ళే. సర్వమును ఇరువురి కన్నుల ఎదుటనే ఉండును. అట్లయినచో ఎక్కువ నేర్పు కలవాడే ప్రతిసారియు గెలువవలెను గదా! కాని ఆట చరిత్రను చూచినచో పేరుమోసిన వీరులను సామాన్యులు ఓడించిన సందర్భములు మాటిమాటికి కనబడుచున్నవి. ఇది కేవలము అదృష్టమా? లేక దీనికి తెలిసికొనదగిన కారణములు కలవా?

రాయల కొలువులో

తెలుగువారి చదరంగపు కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది బొడ్డుచర్ల తిమ్మనది. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలతో ఈ కవి చదరంగమాడి గెలుచుచుండెడివాడని ఒక చాటుపద్యము చెప్పుచున్నది. రాయలు మెచ్చి అతనికి కొప్పోలు గ్రామమును అగ్రహారముగా ఇచ్చెనని కూడ చెప్పుదురు. చాటుపద్యము శాసనము వంటి సాక్ష్యము కాదు. అయినను ఒక సంగతి మాత్రము దానివలన తెలియుచున్నది. పలక ముందు కూర్చున్నంతసేపు రాజునకు కిరీటము ఉపయోగపడదు. ఎత్తునకు పై ఎత్తు వేయగలవాడే అక్కడ అధికుడు. ఈ భావము తెలుగువారికి చిరకాలముగా ఇష్టమైనది.

ఆడిన ఎత్తులు కాగితము మీద మిగిలినప్పుడు గాని గెలుపునకు కారణమును శాస్త్రీయముగా పరిశీలింప వీలుకాదు. మనదేశములో అట్టి ఆధారము 19వ శతాబ్దమున విరివిగా లభించుచున్నది.

కలకత్తాలో కొత్త వ్యూహము

జాన్ కాక్రేన్ అను స్కాట్లండు న్యాయవాది ఆనాటి బ్రిటిష్ ఆటగాండ్రలో అగ్రశ్రేణికి చెందినవాడు. ఉద్యోగరీత్యా కలకత్తాలో ఉన్నప్పుడు, 1848 ప్రాంతమున, పల్లెపట్టున ఎవరి చేతిలోను ఓడని ఒక బ్రాహ్మణుడు కలడని అతడు వినెను. ఆయన మహేశచంద్ర బెనర్జీ. ఇరువురును చాల ఏండ్లు ఆడిరి. ఎక్కువ ఆటలు కాక్రేనే గెలిచెను. కాని మహేశచంద్రుడు గెలిచినవియు తక్కువేమి కావు.

ఆయన ఆటలోని విశేషము మన పాత నియమములనుండి వచ్చినది. ఐరోపా పద్ధతిలో బంటు మొదటి ఎత్తున రెండు గళ్ళు పోవచ్చును. మన పద్ధతిలో ఒక్క గడి మాత్రమే పోవలెను. అందుచేత మనవారు పక్క బంటును ఒక గడి జరిపి, ఆ సందులో శకటును నిలిపి, దూరమునుండి పలక నడుమ భాగమును గురిచూచుట అలవాటు చేసికొనిరి. బంట్లను నడుమకు నడిపి ఆక్రమించుటయే సరియైన మార్గమని ఐరోపావారు నమ్మిన రోజులవి. 1855లో కాక్రేన్‌తో ఆడిన ఒక ఆటలో మహేశచంద్రుడు వేసిన తొలి ఎత్తులే, 1922లో గ్రూన్‌ఫెల్డ్ అను ఆస్ట్రియా ఆటగాని పేర ప్రసిద్ధి కెక్కినవి. అటువంటి అనేక ఆరంభములకు ‘ఇండియన్’ అను పేరు నేటికిని నిలిచియున్నది.

హేస్టింగ్స్‌లో సుల్తాన్‌ఖాన్

పంజాబులో 1905 ప్రాంతమున పుట్టిన మీర్ సుల్తాన్‌ఖాన్ చిన్ననాడు నేర్చినదియు దేశీయ చదరంగమే. సర్ ఉమర్ హయాత్‌ఖాన్ అను భూస్వామి అతనిని తన పరివారములో చేర్చుకొని, 1929లో ఇంగ్లండునకు తీసికొనిపోయెను. ఆంగ్ల గ్రంథములు చదివి ఆరంభములు నేర్చుకొను అవకాశము అతనికి లేదు. అయినను ఆ సంవత్సరమే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను; 1932, 1933 సంవత్సరములలో మరల గెలిచెను.

1930 డిసెంబరులో మొదలైన హేస్టింగ్స్ పోటీలో అతనికి ఎదురైనవాడు కాపబ్లాంకా. 1921 నుండి 1927 వరకు ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి, ఓటమి ఎరుగనివాడని పేరు పొందిన మహావీరుడు. సుల్తాన్‌ఖాన్ మెరుపుదాడి చేయలేదు. కొంచెము కొంచెముగా ప్రత్యర్థి బలములకు కదలిక లేకుండ చేసి, 65 ఎత్తులలో గెలిచెను. పుస్తకవిద్య ఎక్కువగా అక్కరకు వచ్చునది ఆట ఆరంభములో. ఆట సాగినకొలది దాని ప్రయోజనము తగ్గి, ఓర్పునకును, స్వయముగా చేయు ఆలోచనకును విలువ పెరుగును. 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి మరణానంతరము గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుద మిచ్చినది.

ఏలూరు నుండి స్టాక్‌హోమ్

స్వతంత్ర భారతదేశమున మొదటి జాతీయ చదరంగ పోటీ 1955లో ఏలూరులో జరిగినది. ఆంధ్రకు చెందిన డి. వెంకయ్య, మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సాప్రే సమానముగా నిలిచి ఛాంపియన్‌షిప్‌ను పంచుకొనిరి. కొలది ఏండ్లలో మద్రాసు ఆటగాడు మాన్యుయెల్ ఆరన్ దేశమున అగ్రస్థానమునకు వచ్చి, 1961లో మన మొదటి అంతర్జాతీయ మాస్టర్ అయ్యెను.

1962లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఇంటర్‌జోనల్ పోటీలో 23 మంది పాల్గొనిరి. ఆరన్ 22 ఆటలలో 4 పాయింట్లు మాత్రమే పొంది చివరి స్థానమున నిలిచెను. కాని ఆ ఆటలలోనే హంగరీ గ్రాండ్‌మాస్టర్ పోర్టిష్‌ను, తూర్పు జర్మనీ గ్రాండ్‌మాస్టర్ ఊల్‌మన్‌ను ఓడించెను! పట్టికలో అడుగున ఉన్నవాడు ఇరువురు మహారథులను పడగొట్టుట వింతగా తోచును. గణితమును అడిగినచో అందులో వింత లేదని చెప్పును.

గణితము చెప్పునది

హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన ఆర్పాడ్ ఎలో ఆటగాండ్ర బలమును అంకెలలో కొలుచు పద్ధతిని కనిపెట్టెను. అంతర్జాతీయ సమాఖ్య 1970లో దానిని స్వీకరించినది. ఇరువురి అంకెలకు నడుమ 200 భేదమున్నచో బలవంతునికి 100 ఆటలలో 76 పాయింట్లు రావచ్చును. భేదము 400 అయినచో 91 రావచ్చును. అనగా బలహీనునికి 9 మిగులును, సున్న కాదు.

సులభముగా లెక్కించుటకై సమముగా ముగియు ఆటలను విడిచి, బలహీనునికి ప్రతి ఆటలోను పదింట ఒక వంతు అవకాశమున్నదనుకొందము. అతడు 10 ఆటలాడినచో ఒక్కటియు గెలువకపోవు సంభావ్యత 0.9ను పదిమార్లు గుణింపగా వచ్చిన 0.35. అనగా కనీసము ఒక ఆట గెలుచు అవకాశము నూటికి 65! కాని ఆ పదింటిలో ఆరింటినైన గెలుచు అవకాశము సుమారు 6,800కు ఒకటి. కావున ఒక్క ఆట గెలుచుట వేరు, పోటీ మొత్తము గెలుచుట వేరు. ఒక్క ఆటలో పొరపాటు నిర్ణయము చేయవచ్చును. పెక్కు ఆటలలో నేర్పు నిర్ణయము చేయును.

దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. గండికోట దిగువన పెన్న ఒడ్డున ఉన్న మైలవరము బడిలోనైనను, పట్టణపు బడిలోనైనను కావలసినవి చింతగింజలే. పది గింజలలో ఒకదానికి సున్నము రాసి సంచిలో వేయుడు. ప్రతి విద్యార్థియు చూడకుండ ఒక గింజ తీసి, గుర్తించి, మరల వేసి, ఇట్లు పదిమార్లు చేయవలెను. 40 మంది చేసినచో సుమారు 26 మందికి తెల్లగింజ ఒక్కసారియైన దొరకును. ఆరు సార్లు దొరికినవాడు ఎన్నడో గాని కనబడడు.

నిపుణుని బలము, బలహీనత

చింతగింజకు ఆలోచన లేదు, ఆటగానికి కలదు. మరి పాచికలు లేని ఆటలో ఈ సంభావ్యత ఎక్కడనుండి వచ్చినది? ఆటలోనుండి కాదు, మనిషి మెదడునుండి. సాధ్యమగు ఆటల సంఖ్య 1 పక్కన 120 సున్నలు పెట్టినంత ఉండునని 1950లో క్లాడ్ షానన్ అంచనా వేసెను. దానిని పూర్తిగా లెక్కింపగల మానవుడు లేడు. కావున ఎంతటివాడైనను తప్పు చేయును.

1973లో ఛేస్, సైమన్ అను అమెరికా పరిశోధకులు ఆటగాండ్రకు పలకను 5 సెకండ్లు చూపి, బలములను తిరిగి అమర్పుమనిరి. నిజమైన ఆటలోని అమరిక అయినచో నిపుణుడు కొత్తవానికంటె ఎంతో మిన్నగా అమర్చెను. బలములను ఇష్టము వచ్చినట్లు చల్లి చూపినప్పుడు ఆ ఆధిక్యము దాదాపు మాయమైనది. నిపుణుని బలములో పెద్ద భాగము పరిచితమైన అమరికలను గుర్తించుటలో ఉన్నదన్నమాట. పరిచయము లేని దారిలో అతనికిని ఆ ఊత తగ్గును. మహేశచంద్రుని పక్కశకటు కాక్రేన్‌ను అట్టి దారిలోనికే నడిపించినది.

అల్పబలుని గెలుపు దైవికము కాదు. అట్లని అతడు అధికబలుడైనాడని నిరూపించునదియు కాదు. ఓడుదునను భయముతో పెద్దవానితో ఆడక మానినవానికి ఆ పదింట ఒక వంతు అవకాశము కూడ లేదు. ఆడి ఓడి, తన ఎత్తులను వ్రాసికొని, తప్పును వెదకువాని విషయములో ఆ వంతు క్రమముగా పెరుగుచు పోవును. 1955లో ఏలూరులో జాతీయ పోటీకి చోటిచ్చిన నేలనుండి 2002లో కోనేరు హంపి 15వ ఏట గ్రాండ్‌మాస్టర్ అయినది. నడుమ గడచిన 47 ఏండ్లలో ఊరూర ఎందరో ఓడిన ఆటలును ఆ విజయమునకు పునాదులే.