లక్క కర్ర నుంచి స్ప్రే గన్ దాకా

చెక్క సామానుకు చివరి మెరుగు పెట్టడం ఒకప్పుడు వడ్రంగంలోనే ఒక భాగం. తర్వాత విడిపోయి వేరే వృత్తి అయింది. ఆ వృత్తి ఎదిగిన క్రమాన్ని ఎక్కువగా నడిపింది పూత ఆరే వేగమే. పూత మారినప్పుడల్లా పనిముట్టు మారింది, దాంతో పాటు పని నేర్చుకునే తీరూ మారింది.

మన దేశంలో బాగా పాతకాలపు మెరుగుల్లో లక్క ఒకటి. మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మలను పట్టి బతికే ఒక చిన్న పురుగు తన ఒంటి చుట్టూ జిగురు స్రవించుకుంటుంది. అది గట్టిపడితే లక్క. మహాభారతంలో లక్క ఇంటి కథ తెలియనివారు ఉండరు కాబట్టి అది ఎంత తొందరగా నిప్పు అందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ‘ఐనీ అక్బరీ’లో తడికల తెరలకు పూసే లక్కలో రంగుపొడి ఏ పాళ్లలో కలపాలో రాసి ఉంది. మొఘలు కొలువు కొలతలు కట్టి లెక్క రాసుకునేంతగా ఈ పని అప్పటికే స్థిరపడిందన్నమాట.

లక్కను వాడే తీరుల్లో సూటిగా ఉండేది తరిమెన పని. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అది ఇప్పటికీ సాగుతోంది. అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. ఎండిన కర్రను తరిమెనకు, అంటే ఇప్పటి మాటలో లేత్‌కు, బిగించి తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. ఆ తర్వాత రంగు కలిపిన లక్క కర్రను తిరుగుతున్న బొమ్మకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. చివర మొగలి ఆకు ముక్కను అదిమి పట్టుకుంటే లక్క అంతటా సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. ఇందులో బ్రష్ లేదు, కరిగించే ద్రవం లేదు. చల్లబడడమే ఆరడం. అదుము తక్కువైతే లక్క కరగదు, ఎక్కువైతే ఒకచోట పేరుకుపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాస్త ఎడం చేతికే తెలియాలి. అందుకే ఈ విద్య తరతరాలుగా ఇళ్లలోనే, పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునేదిగా ఉండిపోయింది. రసాయన రంగులు వచ్చి పసుపు, జాఫ్రా, నీలిమందు లాంటివి వెనకబడ్డాక వాటిని తిరిగి వాడుకలోకి తెచ్చినవారిలో సి.వి. రాజు ముఖ్యులు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

తరిమెన మీద తిరిగేవి గుండ్రటి వస్తువులే. బీరువా తలుపుకో భోజనాల బల్లకో ఆ పద్ధతి పనికిరాదు. అక్కడికి లక్క మరో రూపంలో చేరింది. శుభ్రం చేసి పల్చని రేకులుగా చేసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దే పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో ఐరోపాలో వ్యాపించింది. దానికే ఫ్రెంచ్ పాలిష్ అని పేరు. పేరు ఫ్రాన్సుది, లక్కలో ఎక్కువ భాగం ఇండియాది. మన అడవుల్లోంచి ఓడెక్కిన సరుకు దొరల బంగళాల మేజాల మీద మెరుపుగా తిరిగొచ్చింది. లక్క మీద పరిశోధనకు 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థే వెలిసింది.

ఫ్రెంచ్ పాలిష్ పని ఓపికకు పరీక్ష. ముందు చెక్కను నార వెంబడి ఉప్పు కాగితంతో రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పుడు కనపడని గీతలు పాలిష్ పడ్డాక బయటపడతాయి. దూదిని మెత్తని నూలు గుడ్డలో చుట్టి, ముడతలు లేకుండా ముద్దలా కట్టి, లోపలి దూదికి పాలిష్ పట్టిస్తారు. ముద్దను చెక్క మీద మొదట చిన్న చిన్న సున్నాలుగా, తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో, చివర నార వెంట నిడివిగా నడుపుతారు. గుడ్డ పట్టేయకుండా ఒక్క చుక్క నూనె అద్దుతారు. చెయ్యి చెక్క మీద ఎక్కడా ఆగకూడదు. ఆగితే స్పిరిట్ కింది పూతను కరిగించి గుడ్డ అచ్చు దింపుతుంది. ఇలా పల్చని పొరలు పదుల కొద్దీ, మధ్యలో ఆరనిస్తూ, రోజుల తరబడి వెయ్యాలి. ఇంత చేసినా వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. అందానికి దీన్ని మించిన మెరుగు అరుదు, మన్నికలో మాత్రం ఇది సుకుమారమే.

ఈ నిదానం కర్మాగారాలకు సరిపడలేదు. మార్పు వచ్చింది చెక్క పనిలోంచి కాదు, మోటారు కార్ల నుంచి. నూనె వార్నిష్ వేసిన కారు పూర్తిగా ఆరి బయటికి రావడానికి వారాలు పట్టే రోజులవి. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ మందు కోసం నైట్రోసెల్యులోజ్‌ను భారీగా తయారుచేసిన అమెరికా కంపెనీ డ్యూపాంట్, యుద్ధం ముగిశాక దానికి కొత్త ఉపయోగాలు వెతికింది. అంతకుముందు నైట్రోసెల్యులోజ్ ద్రావణం మరీ చిక్కగా ఉండేది. చల్లడానికి వీలుగా పల్చన చేస్తే పొరలో పస మిగిలేది కాదు. తక్కువ చిక్కదనంలోనే ఎక్కువ పదార్థం నిలిపే దారి 1920లో ఆ కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా దొరికింది. అలా తయారైన డ్యూకో లాకర్‌ను 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్లకు వేసింది. వారాల పని గంటల్లోకి దిగింది.

అంత త్వరగా ఆరే పూతను బ్రష్‌తో వెయ్యడం కష్టం. రెండో గీత గీసేలోగా మొదటిది బిగుసుకుంటుంది. దాన్ని గాలితో చల్లాల్సిందే. గాలి పనిముట్టు అప్పటికే సిద్ధంగా ఉంది, అదీ ఎక్కడెక్కడినుంచో వచ్చింది. ఒహాయోలోని టొలీడోలో అలెన్ డివిల్బిస్ అనే వైద్యుడు 1880ల చివర గొంతులోకి మందు చల్లే చిన్న పరికరం చేశాడు. షికాగోలో జోసెఫ్ బింక్స్ ఒక పెద్ద దుకాణం గోడలకు సున్నం కొట్టడానికి పంపు యంత్రం తయారుచేశాడు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఫ్రాన్సిస్ మిల్లెట్ పర్యవేక్షణలో భవనాలకు గాలి ఒత్తిడితో తెల్లరంగు చల్లారు. 1907 ప్రాంతంలో డివిల్బిస్ కొడుకు థామస్ తండ్రి పరికరాన్ని రంగు చల్లే గన్‌గా మార్చాడు. డ్యూకో వచ్చాక గన్‌కు అసలైన పని దొరికింది, త్వరలోనే ఫర్నిచర్ కర్మాగారాలూ ఈ జోడీని అందుకున్నాయి. పొట్ట కొట్టే యంత్రమని, ఊపిరి చెడగొట్టే పొగమంచని 1920ల్లో అమెరికా పెయింటర్ల సంఘాలు గన్‌ను గట్టిగా వ్యతిరేకించాయి. రెండో ఆక్షేపణ తప్పు కాదని తర్వాతి కాలం తేల్చింది.

తెలుగునాట డ్యూకో ఒక కంపెనీ సరుకు పేరుగా మిగలకుండా గన్‌తో కొట్టే మెరుపు రంగు దేనికైనా వాడే మాట అయిపోయింది. నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు, చెక్క పలకల మీద చిత్రాలు చేసే నకాషీలు కూడా 20వ శతాబ్దంలో డ్యూకో రంగులకు మళ్లారు. వాళ్ల చిత్రాల్లోని నున్నటి నల్లని నేలకు, దాని మీద మెరిసే బంగారు వన్నెకు ఆ రంగులు బాగా కుదిరాయి. చెట్ల రసాల రంగులు పోయాయని బాధపడేవారికి ఇది నష్టంగా తోచవచ్చు. కళాకారులకు మాత్రం నీటికి చెదరని, త్వరగా ఆరే పూత దొరకడం చిన్న లాభం కాదు.

లాకర్‌కు ఉన్న ఒక తిక్క వానాకాలంలో బయటపడుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి పూత మీద పేరుకుని మెరుగు తెల్లగా మసకబారుతుంది. కోస్తా ఊళ్లలో పాలిష్ పనివాళ్లు ముసురు పట్టిన రోజు గన్ పట్టుకోవడానికి వెనకాడేది అందుకే. నిదానంగా ఆవిరయ్యే ద్రవాన్ని కొంత కలిపితే ఈ చిక్కు తగ్గుతుంది, ఆరడం మాత్రం ఆలస్యమవుతుంది.

ఈ పని మన దగ్గర చాలాకాలం ఉస్తాదు చేతి కింద నేర్చుకున్నదే. కొత్తగా చేరిన కుర్రాడికి నెలల తరబడి ఉప్పు కాగితం, లప్పం తప్ప గన్ అందేది కాదు. అది అన్యాయంగా కనిపించినా అందులో తర్కం ఉంది: కింద చెక్క నున్నగా లేకపోతే పైన ఎంత మంచి పూత వేసినా లోపం దాగదు, మెరుపుకు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో వృత్తి శిక్షణ పథకం మొదలై ఐటీఐలు వచ్చాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. పెయింటర్ పని ఐటీఐల్లో ఒక ట్రేడ్‌గా చేరింది. అయినా చెక్క పాలిష్‌లో ఇప్పటికీ ఎక్కువమంది తయారయ్యేది షెడ్లలోనే.

తరగతిలోనైనా షెడ్డులోనైనా గన్ పాఠం ఒకటే. మొదట అట్ట మీద నీళ్లో పనికిరాని రంగో చల్లిస్తారు. గన్ మూతి చెక్కకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో ఉండాలి. మణికట్టు తిప్పితే విల్లులా వంగి నడుమ దట్టంగా, అంచుల్లో పల్చగా పడుతుంది. అందుకే భుజం నుంచి చెయ్యంతా కదిలించి, గన్‌ను పలకకు సమాంతరంగా నడపాలి. పలక అంచు దాటకముందే కదలిక మొదలవ్వాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి. అవతలి అంచు దాటాక వదలాలి. ప్రతి వరస కిందటి వరసలో సగాన్ని కప్పాలి. మరీ దగ్గరైతే పూత కారుతుంది, దూరమైతే దారిలోనే ఆరి గరుకుగా పడుతుంది. ఒత్తిడి సరిపోకపోతే కమలా తొక్కలాంటి గుంటలు తేలతాయి.

పాతరకం గన్‌లో చల్లిన రంగులో మూడో వంతు కూడా చెక్కకు చేరదు, మిగతాది గాలిపాలు. 1980ల్లో కాలిఫోర్నియా కాలుష్య నియమాలు బిగించడంతో, మూతి దగ్గర 10 పీఎస్‌ఐకి మించని ఒత్తిడితో ఎక్కువ గాలిని పంపే హెచ్‌వీఎల్‌పీ గన్లు వ్యాపించాయి. వీటికి పెట్టిన కనీస లెక్క: చల్లిన రంగులో 65 శాతం వస్తువును చేరాలి. ఒత్తిడి తగ్గడంతో చెయ్యి కాస్త నిదానంగా నడపాల్సి వచ్చింది, పాత పనివాళ్లూ మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. 1990ల్లో అయోవాలోని ఒక విశ్వవిద్యాలయ కేంద్రం గన్‌కు రెండు లేజర్ కిరణాలు తగిలించి శిక్షణ ఇచ్చింది. సరైన దూరంలో ఉంటే రెండు చుక్కలూ ఒకటవుతాయి, చెయ్యి జరిగితే విడిపోతాయి. ఆ తర్వాత రంగే లేకుండా తెర మీద సాధన చేయించే పరికరాలు వచ్చాయి.

ఇప్పుడు మన ఇళ్ల తలుపులకు మెలమైన్, పీయూ పాలిష్‌లదే రాజ్యం. రెండు భాగాలు కలిపి వాడే పీయూలో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటిని పీల్చడం వల్ల ఆస్తమా రావచ్చు. మామూలు దుమ్ము మాస్కు ఆ ఆవిరిని ఆపలేదు, అందుకు తగిన వడపోత ఉన్న మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాన్ కావాలి. శిక్షణ కేంద్రాల్లో ఇది గన్ పట్టించకముందే చెప్పే పాఠం. షెడ్లలో మాత్రం ముక్కుకు కట్టిన రుమాలుతోనే ఇంకా పని గడిచిపోతోంది.