స్వలింగ వివాహమా, పౌర బంధమా? చట్టం ఎక్కడ నిలిచి ఉన్నది

చెన్నై నుండి నెల్లూరుకు పోయే జాతీయ రహదారిపై తిరువళ్లూరు జిల్లా ఆరంబాక్కం దాటితే వచ్చేది తిరుపతి జిల్లాలోని తడ. రెండు వైపులా తెలుగు కుటుంబాల మధ్య వియ్యాలు తరతరాలుగా సాగుతున్నవే. అయితే పెళ్లికి సంబంధించిన చట్టం మాత్రం ఈ సరిహద్దుకు అటూ ఇటూ పూర్తిగా ఒక్కటి కాదు. స్వలింగ వివాహంపై దేశంలో సాగుతున్న చర్చను అర్థం చేసుకోవడానికి ఈ తేడాయే మంచి ఆధారం.

పురోహితుడు లేకుండా, సప్తపది లేకుండా, బంధుమిత్రుల సమక్షంలో దండలు మార్చుకుని చేసుకునే పెళ్లిని తమిళనాట సుయమరియాదై తిరుమణం, అంటే ఆత్మగౌరవ వివాహం అంటారు. పెరియార్ ఉద్యమంతో వ్యాపించిన ఈ పెళ్లిళ్లు చట్టరీత్యా చెల్లవని మద్రాసు హైకోర్టు 1953లో ఒక కేసులో తేల్చింది. అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ అనే సెక్షన్‌ను చేర్చి వాటిని చెల్లుబాటు చేసింది. అంతకు ముందు జరిగిన పెళ్లిళ్లకు కూడా ఆ రక్షణ లభించింది. దండలు గాని, ఉంగరాలు గాని మార్చుకున్నా, తాళి కట్టినా ఆరంబాక్కంలో అది వివాహమే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సెక్షన్ లేదు కనుక, తడలో వధూవరులలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి, లేదా ప్రత్యేక వివాహ చట్టం కింద అధికారి ముందు పెళ్లి నమోదు కావాలి. వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్ర శాసనసభ కూడా కేంద్ర చట్టాన్ని సవరించవచ్చుననడానికి ఈ 7ఎ నిదర్శనం. స్వలింగ జంటల విషయం పార్లమెంటు ఒక్కదాని చేతిలోనే ఉన్నదని భావించేవారు ఈ సంగతిని మరచిపోతుంటారు.

ఇక అసలు విషయం. ఇద్దరు పురుషులు లేదా ఇద్దరు స్త్రీలు భార్యాభర్తలకుండే సమస్త హక్కులతో, వివాహమన్న పేరుతోనే ఒక్కటైతే అది స్వలింగ వివాహం. ఆ పేరు ఇవ్వకుండా, ప్రభుత్వం వద్ద నమోదు చేసుకున్న జంటకు వివాహం వలన కలిగే హక్కులలో కొన్నింటినో, దాదాపు అన్నింటినో ఇచ్చే ఏర్పాటు సివిల్ యూనియన్. తెలుగులో దీనిని పౌర బంధం అనవచ్చు. మతానికీ, తంతుకూ దీనితో నిమిత్తం లేదు.

ఈ రెండవ మార్గాన్ని ప్రపంచంలో మొదట తెరిచిన దేశం డెన్మార్క్, 1989లో. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 2000లో ఆ బాట పట్టింది. పూర్తి వివాహ హక్కును మొదట ఇచ్చినది నెదర్లాండ్స్, 2001 ఏప్రిల్ 1న. బ్రిటన్ 2004లో పౌర భాగస్వామ్య చట్టం చేసింది. పదేళ్లు తిరగకుండానే, 2013లో, ఇంగ్లండు, వేల్సులకు స్వలింగ వివాహ చట్టం వచ్చింది. డెన్మార్క్ సైతం 2012లో పాత ఏర్పాటును పక్కనబెట్టి వివాహాన్నే అనుమతించింది. చాలా దేశాలలో పౌర బంధం ఒక మజిలీగానే మిగిలింది. ఆసియాలో తైవాన్ 2019లో, థాయిలాండ్ 2025 జనవరిలో వివాహ హక్కును అమలులోకి తెచ్చాయి. నేపాల్‌లో సుప్రీంకోర్టు 2023లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును అనుసరించి తాత్కాలిక నమోదు మొదలైంది.

హక్కులు సమానమైతే పేరుతో పనేమిటన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం అమెరికా వలస నియమాలలో దొరుకుతుంది. 2013లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తరువాత, చట్టబద్ధంగా వివాహమాడిన స్వలింగ జంటలో ఒకరికి హెచ్-1బి ఉంటే రెండవవారికి జీవిత భాగస్వామిగా వీసా లభిస్తున్నది. సివిల్ యూనియన్ పత్రం ఉన్నవారికి మాత్రం ఆ సౌకర్యం లేదు. పేరులో ఏముందని ఇంట్లో అనుకోవచ్చును గాని, వీసా కిటికీ ముందు పేరే సర్వస్వం. 2015 జూన్ 26 నుండి అమెరికా అంతటా స్వలింగ వివాహం చెల్లుతున్నది. అక్కడ చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన తెలుగువారు ఆ విధంగా పెళ్లాడినా, విమానం దిగి స్వదేశంలో అడుగుపెట్టగానే ఆ వివాహం చట్టం దృష్టిలో లేనట్లే.

మన దేశంలో స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. పెళ్లి ప్రశ్న అక్కడి నుండి బయలుదేరింది. దానిని సుప్రీంకోర్టు గడప ఎక్కించినవారిలో మొదటివారు హైదరాబాద్ నివాసులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2021 డిసెంబరులో ఇరువైపుల పెద్దల సమక్షంలో వేడుక జరుపుకున్న ఈ జంట 2022 నవంబరులో కోర్టును ఆశ్రయించింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో పురుషుడు, స్త్రీ అన్న మాటలను వ్యక్తి అన్న అర్థంలో చదవాలన్నది కోరిక. వాదనలు 2023 ఏప్రిల్ 18న మొదలై పది రోజుల పాటు సాగాయి. కేంద్రం వ్యతిరేకించింది. రాష్ట్రాల అభిప్రాయం అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం తమ వ్యతిరేకతను తెలియజేశాయి.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించింది. వివాహం ప్రాథమిక హక్కు కాదనీ, ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయజాలదనీ అయిదుగురూ ఏకాభిప్రాయం ప్రకటించారు. చీలిక వచ్చింది పౌర బంధం దగ్గర. జంటగా జీవించే హక్కును ప్రభుత్వం గుర్తించి, దానికి తగిన ప్రయోజనాలు కల్పించాలని ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ అన్నారు. అట్టి హక్కు రాజ్యాంగంలో లేదనీ, కావాలంటే చట్టసభలే చేయాలనీ జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ పి.ఎస్. నరసింహ నిర్ణయించారు. ముగ్గురి మాటే నెగ్గింది. వీరిలో హిమా కోహ్లీ తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు, నరసింహ తెలుగువారు. పింఛను, భవిష్య నిధి, బీమా వంటి ప్రయోజనాలు ఈ జంటలకు అందకపోవడాన్ని సమీక్షించవలసి ఉన్నదని నరసింహ తన విడి తీర్పులో రాయడం గమనార్హం. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లు కూడా వీగిపోయాయి. అంటే వివాహమా, పౌర బంధమా అని వాదించుకున్న ఉభయపక్షాల వారికీ మిగిలింది శూన్యమే.

హిజ్రాల విషయం దీనికి భిన్నం. పురుషునికీ ట్రాన్స్ మహిళకూ జరిగిన పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లుతుందనీ, వధువు అన్న మాటలో ట్రాన్స్ మహిళ కూడా ఇమిడి ఉన్నదనీ మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2019 ఏప్రిల్‌లో చెప్పింది. 2023 తీర్పులో సుప్రీంకోర్టు ఇదే వైఖరిని దేశమంతటికీ వర్తింపజేసింది. ఈ పెళ్లిళ్లను నమోదు చేయబోమని అధికారి ఎవరైనా అంటే అది చట్టవిరుద్ధం.

తీర్పు తరువాత కొద్దిపాటి కదలిక వచ్చింది. కేంద్రం 2024లో క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. జంటగా నివసించేవారిని రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడవచ్చునని రాష్ట్రాలకు సూచన వెళ్లింది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి ఆటంకం లేదని ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని భాగస్వామికి అప్పగించాలన్న లేఖ ఆరోగ్య శాఖ నుండి వెళ్లింది. ఇవి సలహాలే తప్ప చట్టాలు కావు.

మద్రాసు హైకోర్టు మాత్రం మరికొంత ముందుకు నడిచింది. పారిపోయి వచ్చిన యువతుల జంట కేసులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం తనకు తెలియదని చెప్పి, స్వయంగా మనస్తత్వ నిపుణురాలి వద్ద కూర్చుని తెలుసుకున్న తరువాతనే 2021 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చారు. న్యాయమూర్తులలో ఇది అరుదైన గుణం. 2023 నవంబరులో ఆయనే, జంటలు కుటుంబ సాహచర్య ఒప్పందాన్ని నమోదు చేసుకునే విధానాన్ని పరిశీలించాలని తమిళనాడు ప్రభుత్వానికి సూచించారు. పౌర బంధానికి దగ్గరగా వచ్చిన ప్రతిపాదన దేశంలో ఇదే అనవచ్చు. 2025 మేలో అదే హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, కుటుంబం ఏర్పడడానికి వివాహమొక్కటే మార్గం కాదని చెబుతూ, పుట్టింటివారు నిర్బంధించిన 25 ఏళ్ల యువతికి స్వేచ్ఛ ప్రసాదించింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఇటువంటి కేసులోనే, ఇష్టపడి కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల జోలికి పోరాదని తల్లిదండ్రులకు తెలిపింది. మేజరైన బిడ్డను ఇంట్లో బంధిస్తే, ఆరంబాక్కం వైపు వారు చెన్నైకి, తడ వైపు వారు అమరావతికి హెబియస్ కార్పస్ పిటిషన్‌కు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

ఆస్తి దగ్గర చిక్కు ఎక్కువ. అవివాహితుడైన హిందూ పురుషుడు వీలునామా రాయకుండా మరణిస్తే ఆస్తి తల్లికి, ఆమె లేకుంటే తండ్రికి చెందుతుంది. అవివాహిత స్త్రీ ఆస్తి తల్లిదండ్రులిద్దరికీ వెళుతుంది. ఇరవై ఏళ్లు కలిసి బ్రతికినా భాగస్వామికి చిల్లిగవ్వ రాదు. బ్యాంకులో నామినీగా ఉన్నవారు సొమ్ము తీసుకోగలరే గాని, వారసులు అడిగితే అప్పగించవలసిందే. గుమ్మిడిపూండి సిప్కాట్‌లోనో, శ్రీసిటీలోనో పనిచేసేవారి భవిష్య నిధికి మరో మెలిక ఉన్నది. నియమాలలో చెప్పిన కుటుంబ సభ్యులు ఉన్నంత వరకు బయటివారి పేర రాసిన నామినేషన్ చెల్లదు. ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటే వారే కుటుంబం.

అందువలన ప్రస్తుతం పనికివచ్చేది వీలునామాయే. దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. పిత్రార్జితంలో తన వాటా వరకు కూడా హిందువులు వీలునామా రాయవచ్చు. ఆరంబాక్కంలో ఇల్లు, తడ వైపు పొలం ఉన్నవారు రెండింటినీ ఒకే పత్రంలో చేర్చవచ్చు. అయితే సర్వే నంబర్లు, మండలం, తాలూకా పేర్లు రెండు రాష్ట్రాల రికార్డులలో ఉన్నట్లే విడివిడిగా రాయించుకోవాలి.