తునీట్‌ల ఆచూకీ చెప్పిన జుట్టు

ఉత్తర కెనడాలోని ఇన్యూట్ పెద్దలు తరతరాలుగా చెప్పుకొస్తున్న కథల్లో తునీట్‌లనే జనం కనిపిస్తారు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు, చచ్చిన వాల్రస్‌ను ఒంటిచేత్తో ఈడ్చుకుపోగల బలశాలులు. కానీ మహా బిడియస్తులు, కొత్తవాళ్ల అలికిడి వింటే ఉన్నచోటు వదిలేసి వెళ్లిపోయేవాళ్లు. ఇన్యూట్‌లు రాకముందు ఆ నేల వాళ్లదేనని ఆ కథలన్నీ ఒకే మాట మీద చెబుతాయి.

చాలాకాలం చరిత్రకారులు వీటిని కాలక్షేపం కథలుగానే చూశారు. వాటికి తొలి ఆధారం 1925లో దొరికింది. బాఫిన్ దీవి దక్షిణాన ఉన్న కేప్ డోర్సెట్ నుంచి వచ్చిన పాత వస్తువులను పరిశీలిస్తున్న కెనడా మానవశాస్త్రవేత్త డైమండ్ జెన్నెస్‌కు వాటిలో కొన్ని ఇన్యూట్ వస్తువులతో పొసగడం లేదనిపించింది. ఇన్యూట్‌ల హార్పూన్ మొనలకు విల్లుతో తిప్పే బరమాతో తొలిచిన గుండ్రటి రంధ్రాలుంటాయి. ఈ మొనలకు రంధ్రాలు గుండ్రంగా లేవు. రాతి పనిముట్టుతో గీకి గీకి చేసిన కోలగంట్లు అవి. బరమా అన్నదే వాడని మనుషులెవరో అక్కడ బతికారన్నమాట. జెన్నెస్ ఆ సంస్కృతికి డోర్సెట్ అని పేరు పెట్టాడు.

ఆ తర్వాత తవ్వకాలు పెరిగాయి, పేర్లూ పెరిగాయి. గ్రీన్‌లాండ్‌లో సఖాక్, ఇండిపెండెన్స్, కెనడాలో ప్రీ డోర్సెట్, డోర్సెట్, వాటన్నిటి తర్వాత అలాస్కా నుంచి తూర్పుకు విస్తరించిన థూలే. తోలు పడవల్లో తిమింగలాలను వేటాడి, కుక్కలు లాగే స్లెడ్జిలపై తిరిగిన థూలే జనమే నేటి ఇన్యూట్‌ల పూర్వీకులు. మరి ముందున్న నాలుగు పేర్లూ నాలుగు జాతులవా, ఒకే జాతివా? థూలే వాళ్లు డోర్సెట్‌ల వారసులా, పరాయివాళ్లా? రాతి పలుగులు, ఎముక మొనలు పక్కపక్కన పెట్టుకుని ఎన్నేళ్లు వాదించినా ఇవి తేలే ప్రశ్నలు కావు. పనిముట్టును పక్కవాడి దగ్గర చూసి నేర్చుకోవచ్చు. వంశం అలా చేతులు మారదు.

చిక్కు విప్పింది ఒక గుప్పెడు జుట్టు.

పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని డిస్కో అఖాతంలో కెకెర్తసుస్సుక్ అనే చిన్న దీవి ఉంది. 1980ల్లో అక్కడ సఖాక్ కాలపు నివాసాన్ని తవ్వినప్పుడు గడ్డకట్టిన నేలలోంచి మనిషి వెంట్రుకలు బయటపడ్డాయి. వాటిని డెన్మార్క్‌కు తెచ్చి భద్రపరిచారు, ఆ తర్వాత ఇంచుమించు మరిచిపోయారు. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్కే విలర్‌స్లెవ్ ఇలాంటి అవశేషాల కోసం గ్రీన్‌లాండ్ ఉత్తర కొసదాకా వెళ్లి ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు. తీరా చూస్తే వెతుకుతున్నది సొంత ఊళ్లోనే ఉంది.

జుట్టు దొరకడం ఎముక దొరకడం కన్నా మేలైంది. ఎముకలోని సన్నటి రంధ్రాల్లోకి మట్టిలోని సూక్ష్మజీవులు చొరబడతాయి, వాటి డీఎన్‌ఏ మనిషి డీఎన్‌ఏను ముంచేస్తుంది. వెంట్రుక చుట్టూ ఉండే కెరాటిన్ పొర వాటిని లోపలికి రానివ్వదు. పైన అంటుకున్న మురికిని బ్లీచింగ్ ద్రావణంతో కడిగేయవచ్చు. 2010 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో మోర్టెన్ రాస్ముసెన్, విలర్‌స్లెవ్ బృందం ఆ వెంట్రుకల నుంచి రాబట్టిన జన్యుపటాన్ని ప్రకటించింది. ప్రాచీన మానవుడి పూర్తి జన్యుపటం బయటికి రావడం ప్రపంచంలో అదే మొదలు. దాదాపు 4000 ఏళ్ల కిందటి ఆ మగమనిషికి ఇనుక్ అని పేరు పెట్టారు. ఎ గ్రూపు రక్తం, గోధుమరంగు కళ్లు, పార ఆకారంలో ముందు పళ్లు, బట్టతల వచ్చే లక్షణం. ఎముకలు మిగలని మనిషి గురించి ఇన్ని సంగతులు తెలిశాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది అతని బంధుత్వం. ఇనుక్‌కు దగ్గరి చుట్టాలు నేటి గ్రీన్‌లాండ్ వాసులు కారు, దక్షిణాన ఉన్న అమెరికా ఆదివాసులూ కారు. బేరింగ్ జలసంధికి ఆవల, సైబీరియా తూర్పు అంచున బతుకుతున్న చుక్చీ, కొర్యాక్ జనం. అంటే సుమారు 5500 ఏళ్ల కిందట అక్కడివాళ్ల నుంచి విడిపోయి, ఎవరితోనూ సంబంధం లేకుండా విడిగా సాగిన వలస ఇది.

ఒక్క మనిషిని బట్టి జాతి చరిత్ర రాయలేం. 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ కొరత తీర్చింది. మానస రాఘవన్ తొలి రచయిత్రిగా ఉన్న ఈ పత్రం సైబీరియా, అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్‌లలో దొరికిన 169 మంది ప్రాచీనుల అవశేషాల ఆధారంగా రాసింది. సఖాక్, ప్రీ డోర్సెట్, డోర్సెట్ పేర్లు వేరైనా వంశం ఒక్కటేనని అది తేల్చింది. వేల ఏళ్లలో పనిముట్ల తీరు మారింది, ఇళ్ల తీరు మారింది, మనుషులు మాత్రం మారలేదు. తల్లి నుంచే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో వైవిధ్యం అతి తక్కువ. అంత విశాలమైన మంచు నేలకు తొలుత చేరిన స్త్రీలు కొద్దిమందేనని దానర్థం. థూలే జనం మాత్రం సైబీరియా వైపు నుంచి తర్వాత విడిగా వచ్చినవాళ్లు. వాళ్లు విస్తరించిన కొద్దికాలానికే, సుమారు 700 ఏళ్ల కిందట, డోర్సెట్‌లు కనుమరుగయ్యారు. కొత్త రోగాలో, వేటనేలలు చేజారడమో, కారణం మాత్రం జన్యువుల్లో రాసి లేదు.

డోర్సెట్‌లే కథల్లోని తునీట్‌లైతే, వాళ్లు వేరే జనం అన్న ఇన్యూట్ పెద్దల మాట అక్షరాలా నిజమైంది. పండితుల ఊహల్లో కొన్ని నిలవలేదు. హడ్సన్ బేలోని సౌతాంప్టన్ దీవిలో సాడ్లెర్మియూట్ అనే చిన్న సమూహం ఉండేది. రాతి ఇళ్లు, చెక్కిన రాతి పనిముట్లు, ఇరుగుపొరుగుకు వింతగా తోచే నడవడి. 1902–03 చలికాలంలో తిమింగలాల వేట ఓడ మోసుకొచ్చిన జబ్బుకు వాళ్లు దాదాపు అందరూ చనిపోయారు. కడపటి డోర్సెట్‌లు వీళ్లేనని చాలామంది నమ్మారు. డీఎన్‌ఏ చూస్తే తల్లివైపు వాళ్లు థూలే జనమే.

అసలు తునీట్‌లు పూర్తిగా అంతరించారా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. అలాస్కా, కెనడాల్లో నా-డెనే భాషలు మాట్లాడే ఆదివాసుల్లో ఆ రక్తం మిగిలి ఉందని పావెల్ ఫ్లెగొంతోవ్ బృందం 2019లో వాదించింది. అదే ఏడాది సైబీరియాలో యానా నది ఒడ్డు నుంచి ఆర్కిటిక్ మనుషుల గురించి ఇంకా పాత కబురు వచ్చింది. ధ్రువవృత్తానికి ఎంతో ఎగువన దొరికిన రెండు పాలపళ్లు సుమారు 31,600 ఏళ్ల కిందటి ఇద్దరు పిల్లలవి. మంచుయుగంలోనే మనిషి అక్కడ సంసారం చేశాడు.

డీఎన్‌ఏను చెడకుండా కాపాడి చలి చేసిన మేలు మన ఎండలు చేయవు. హరప్పా కాలపు రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే డీఎన్‌ఏ ఒక్కదాంట్లోనే దొరికింది. ఆర్కిటిక్‌లోనూ ఇప్పుడు గడువు దగ్గరపడుతోంది. నేల కరిగి, సముద్రం ఒడ్డును కోసేస్తుంటే, పాత నివాసాలు తవ్వేవాళ్లు చేరకముందే కుళ్లిపోతున్నాయి, కొట్టుకుపోతున్నాయి. మిగిలినవాటిని తొందరగా తవ్వాలి. అయితే ఆ పని ఇన్యూట్‌ల సమ్మతితో, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని జరగాలి. నునావుత్‌లో తవ్వకాల దరఖాస్తులను ఇన్యూట్ హెరిటేజ్ ట్రస్ట్ కూడా పరిశీలిస్తోంది. జుట్టు, ఎముకలు దాచుకున్న దూరదేశాల మ్యూజియంలు కూడా పరీక్షకు ఇచ్చేముందు ఇన్యూట్ సంఘాలను అడగాలి.