ప్రవాళభిత్తియు బొగ్గురేవులును

మన ఇండ్లలో పగడమనగా నల్లపూసల నడుమ గ్రుచ్చు ఎఱ్ఱని పూసయే తోచును. నవరత్నములలో లెక్కకు వచ్చు ఆ పగడము మసకవెలుతురున, లోతునీట పెరుగు జాతి. సముద్రమున గోడలు కట్టునది కాదు. మేమిచట చెప్పబూనినది వేఱొక పగడమును గూర్చి. ఎండ బాగుగ చొచ్చు వెచ్చని తీరజలములలో, సున్నమును స్రవించి తరతరములుగ పేర్చుకొనుచు దిబ్బలు కట్టు అల్పప్రాణి అది. ఆస్ట్రేలియా ఈశాన్యతీరమున, క్వీన్స్‌లాండ్ రాష్ట్రమునకెదురుగా, ఇట్టి దిబ్బలు దాదాపు 3000 వరుసగా నిలిచి 2300 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నవి. ఇచ్ఛాపురము మొదలు తడవఱకు గల మన తీరమునకు ఇది రెండింతలకు మించిన దూరము. గ్రేట్ బారియర్ రీఫ్ అని దానికి ఆంగ్లనామము. మహాప్రవాళభిత్తి యని మేము వ్యవహరింతుము. దీని రక్షణమునకై 1967 మొదలు జరుగుచున్న వాదము దూరదేశపు ముచ్చటగా తోపవచ్చును. కాని ఆ తీరమున ఓడకెక్కు బొగ్గు మన విశాఖపట్టణపు ఉక్కుకొలుములకు కూడ వచ్చుచున్నది. కావున ఈ కథలో మనకును కొంత పాలు కలదు.

ఆ ప్రాణి బ్రదుకుతెరువు తెలియనిదే ఈ తగవు బోధపడదు. 1928–29లో మారిస్ యాంగ్ నాయకత్వమున బ్రిటిషు శాస్త్రజ్ఞుల బృందమొకటి లో ఐల్స్ అను చిన్నదీవులలో సుమారు ఒక సంవత్సరము కాపురముండి పగడమును పరీక్షించెను. పగడపు మేనిలో కంటికానని నాచుకణములు వసించును. అవి సూర్యకాంతితో ఆహారము సిద్ధపఱచి, అందు అధికభాగము ఇల్లిచ్చిన పగడమునకే పెట్టును. దాని రంగులును చాలవఱకు వానివే. వేసవిలో సాధారణముగ నుండు హెచ్చు వేడిమికంటె నీరు ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచినచో ఈ పొత్తు చెడును. పగడము నాచును వెడలగొట్టి తెల్లబారును. తెల్లబారిన వెంటనే చావదు, పస్తుండును. నీరు త్వరలో చల్లబడెనా కోలుకొనును; లేనిచో చచ్చును. వేడికి లోనైన పగడము నాచును విడుచుటను ఆ బృందమువారే చూచి వ్రాసిరి. అప్పటికి అది శాస్త్రజ్ఞులకు తప్ప అన్యులకు పట్టిన సంగతి కాదు.

తగవు వచ్చినది వేడిమివలన గాదు, సున్నమువలన. 1967లో ఇన్నిస్‌ఫెయిల్ ప్రాంతపు చెఱకురైతు ఒకడు ఎల్లిసన్ రీఫ్ అను దిబ్బను త్రవ్వి సున్నపురాయి తీసికొనుటకు అనుమతి కోరెను. చెఱకుచేలకు సున్నము వేయుట అచటి వాడుక. పగడపు సున్నము చవుక. గుల్లలను కాల్చి గుల్లసున్నము చేసికొనిన తీరవాసులకు ఈ కోరికలో దోషము కనబడదు. పైగా ఆ దిబ్బ చచ్చినదే కదా యని ఆతని వాదము. సమీపమున బింగిల్ బేలో నివసించు చిత్రకారుడు జాన్ బ్యూస్ట్ అభ్యంతరము చెప్పెను. క్వీన్స్‌లాండ్ వన్యప్రాణి సంరక్షణసంఘమునకు అధ్యక్షురాలైన కవయిత్రి జూడిత్ రైట్, అడవులను పరిశోధించు లెన్ వెబ్ ఆతనికి తోడైరి. ఒకరు చిత్రకారుడు, ఒకరు కవయిత్రి, ఒకరు అడవిచెట్ల పండితుడు! సముద్రమును చదివిన పెద్దలలో కొందఱు, మితముగ వాడుకొనిన తప్పేమని తటపటాయించుచుండగా, ఈ మువ్వురును వెనుదీయలేదు. లిటొరల్ సొసైటీ అను సంఘపు యువకులు ఆ దిబ్బయొద్ద నీట మునిగి, బ్రదికియున్న పగడములను, చేపలను, నత్తలను లెక్కించి, ఆ పట్టికను గనుల విచారణాధికారి న్యాయస్థానమున దాఖలుచేసిరి. దిబ్బ చావలేదని తేలెను, అర్జీ త్రోసివేయబడెను.

ఇట్టి విజయము మాకు మిక్కిలి ప్రీతికరము. బ్రదికినదా, చచ్చినదా యను ప్రశ్నకు నీట మునిగి చూచినవాడు జవాబు చెప్పగలిగెను. దాని తరువాతి ప్రశ్నలకు జవాబు అంత సులభముగ దొరకలేదు.

అప్పటికే క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము దిబ్బల ప్రాంతమున చాలభాగమును నూనె వెదకు సంస్థలకు అనుమతులుగా పంచియుండెను. 1969 జనవరిలో అమెరికాలోని శాంటా బార్బరా యొద్ద సముద్రపు నూనెబావి పగిలి తీరమంతయు నల్లబడినది. ఆ వార్త చదివినవారికి తమ దిబ్బలు కన్నులముందు మెదలినవి. మకాయ్ పట్టణమునకు ఉత్తరమున రిపల్స్ బేలో బావి త్రవ్వ నుద్యమించినపుడు, 1970 ఆరంభమున కార్మికసంఘములు ఆ పనికి సహకరింపమని ప్రకటించినవి; త్రవ్వకము నిలిచిపోయెను. కూలిడబ్బు వదలుకొని దిబ్బను కాచినది కార్మికులే యను సంగతి మున్ముందు మనకు కావలసివచ్చును. ఆ మార్చిలోనే ఓషియానిక్ గ్రాండ్యర్ అను నూనెఓడ టారెస్ జలసంధిలో రాతికి తగిలి నూనె కార్చెను. రాజవిచారణసంఘము నియమింపబడి 1974వఱకు విచారించెను. దాని సభ్యులు ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. బ్యూస్ట్ 1971లోనే కన్నుమూసెను. 1975లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఈ జలములను సముద్రోద్యానముగ జేయు శాసనము చేసి, ఉద్యానమున ఖనిజములు తీయుటను నిషేధించెను. 1981లో మహాప్రవాళభిత్తి ప్రపంచవారసత్వ స్థలముల జాబితాకెక్కినది.

విచారణసంఘము నూనెబావులను గూర్చి సాక్ష్యములు వినుచున్న 1971లోనే, రిపల్స్ బేకు కొంత దక్షిణమున హే పాయింట్ రేవు తెఱవబడి, బోవెన్ పరీవాహపు బొగ్గు జపాను ఉక్కు కర్మాగారములకు బయలుదేఱెను. ఆ బొగ్గుకు అభ్యంతరము చెప్పినవారు మాకెవరును కానరారు, ఏల చెప్పుదురు? బొగ్గు తీరమునకు ఎంతో లోపల త్రవ్వబడును, రైలులో వచ్చును, ఓడలో పోవును, కాలుట వేఱొక దేశమున. దిబ్బపై ఒక్క నలుసైనను పడదు. 1984లో ఇంకను ఉత్తరమున ఆబట్ పాయింట్ రేవు వచ్చెను. కొత్త శాసనము నూనెబావిని ఆపినది గాని, ఓడదారి ఆ ఉద్యానము నడుమనుండియే సాగినది.

ఆ కాలిన బొగ్గు మరలివచ్చుటకు దారి గాలి. భూమిపై పెరిగిన వేడిలో నూటికి తొంబది పాళ్లకు మించి సముద్రములే పీల్చుకొనుచున్నవి. 1998లో దిబ్బలు విస్తారముగ తెల్లబారినవి, 2002లో మరల. పిదప 2016, 2017, 2020, 2022, 2024, 2025 సంవత్సరములు. మొదటి రెండింటి నడుమ నాలుగేండ్లు, ఆపై పదునాలుగేండ్ల విరామము; తరువాత ఊపిరి తీసికొన వ్యవధియే లేదు. 2016నాటి తాకిడికి లోతులేని నీటి పగడములలో దాదాపు మూడవవంతు చచ్చెనని పరిశోధకులు తేల్చిరి.

ఈ నడుమ తీరాభివృద్ధి యను పేర రేవులు విస్తరించుచునే యుండెను. గ్లాడ్‌స్టన్ యొద్ద కర్టిస్ దీవిపై, ప్రపంచవారసత్వపు సరిహద్దులోపలనే, సహజవాయువును ద్రవముగ మార్చు కర్మాగారములు లేచినవి. ఆబట్ పాయింట్ రేవును లోతుచేసి, తీసిన 30 లక్షల ఘనమీటర్ల మట్టిని ఉద్యానజలములలోనే పోయుటకు 2014 జనవరిలో అనుమతి దొరకెను. ప్రజలు మండిపడగా ఆ యోచన మానిరి. 2015లో అట్టి మట్టిపోతయే నిషేధింపబడెను. ఎల్లిసన్ రీఫ్ విజయమువంటిదే యిదియు. కంటికి కనబడు మట్టిని ప్రజలు ఆపగలిగిరి. ఏండ్ల తరబడి చెఱకుచేల ఎరువును నేలమట్టియు వర్షకాలపు ఏఱులలో దిబ్బలకు చేరుచున్నవి. వానిని తగ్గించుట మాత్రము మందగతిని సాగుచున్నది.

కనబడని దానిని గూర్చిన వాదము న్యాయస్థానమున ఏమయ్యెనో చూడుడు. తీరమునకు దాదాపు 300 కిలోమీటర్ల లోపల అదానీ సంస్థవారి కార్మైకేల్ గనికి ప్రభుత్వమిచ్చిన అనుమతిపై ఆస్ట్రేలియా సంరక్షణసంఘము వ్యాజ్యెము తెచ్చెను. ఆ బొగ్గు విదేశమున కాలి పుట్టించు వేడిమి దిబ్బకు హానిచేయదా యని వారి ప్రశ్న. ఈ గని లేకున్న లోకము వేఱొక గని బొగ్గు కాల్చును, కావున దీనివలన ఎంత హాని హెచ్చునో తేలదు అని మంత్రిగారి తలంపు. 2016లో వ్యాజ్యెము కొట్టివేయబడెను. 2017లో అప్పీలును అట్లే. 2021 చివర ఆ గని బొగ్గు ఓడకెక్కెను. ఇట్టి వాదమును ప్రతి గనియజమానియు చేయవచ్చును, ప్రతివాడును గెలువవచ్చును. దిబ్బ తెల్లబారుట మాత్రము ఎవని పద్దునను పడదు.

ఇక గనికూలీల మాట. 2019 ఏప్రిలులో గనికి వ్యతిరేకులు టాస్మేనియానుండి కార్లవరుసగా బయలుదేఱి క్లెర్మంట్ అను గనిపట్టణమునకు పోయిరి. ఊరివారు కసరుకొనిరి. పిదప నెలలో జరిగిన ఎన్నికలలో ఆ ప్రాంతమువారు గనిని బలపఱచు పక్షమువైపే మొగ్గిరి. 1970లో కార్మికులు నూనెబావిని ఆపిరి గదా, నేడేల ఆపరని అడుగుట న్యాయము కాదు. ఆనాడు వారు వదలుకొనినది ఇంకను పుట్టని కొలువు. నేడడుగుచున్నది బిడ్డలకన్నము పెట్టు కొలువు. బొగ్గుపై వచ్చు సుంకముతో ఆ రాష్ట్రమున బడులును ఆసుపత్రులును నడచుచున్నవి. మఱొక ప్రక్క దిబ్బను చూడవచ్చు యాత్రికులవలనను వేలకొలది కుటుంబములు బ్రదుకుచున్నవి. ఈ రెండు కుటుంబములును ఒకే తీరపువే.

బోవెన్ పరీవాహపు బొగ్గులో అధికభాగము దీపముల కొఱకు గాదు, ఉక్కు కరగుట కొఱకు. ఎండతోను గాలితోను విద్యుత్తు పుట్టించుట సాధ్యమైనది. బొగ్గులేక ఇనుపఖనిజమునుండి ఉక్కు చేయుట ఇంకను కొద్దిపాటిగానే సాగుచున్నది. మన విశాఖ కర్మాగారమునకు కావలసిన ఆ జాతిబొగ్గు మనదేశమున చాలినంత దొరకదు. విశాఖ రేవున బొగ్గుధూళి పడినపుడు ఊరివారు మొఱపెట్టుదురు, పెట్టవలసినదే. ఆ ఉక్కుచువ్వ లేని మిద్దె మాత్రము నేడు మన వీధిలో నరుదు.

ఉద్యానపాలకులు 2024లో వెలువరించిన నివేదికలో దిబ్బ భవిష్యత్తు 'మిక్కిలి హీనము' అని వ్రాసి, అన్నిటికంటె పెద్ద గండము వాతావరణపు మార్పే యనిరి. 1975 శాసనము వారికిచ్చిన అధికారము మాత్రము ఉద్యానపు సరిహద్దులతో నిలిచిపోవును. 2025లో ఆస్ట్రేలియా సముద్రశాస్త్రసంస్థ దిబ్బలను మరల కొలిచెను. మూడు ప్రాంతములలో రెండింట, 39 ఏండ్ల కొలతలలో ఎన్నడును లేనంత తఱుగుదల ఆ ఒక్క సంవత్సరములో కనబడినది.