పాత బాణీకి కొత్త ఇంగ్లిష్ కంట్రీ డాన్స్

ఇంగ్లిష్ కంట్రీ డాన్స్ జంటలు కలిసి ఆడే సామూహిక నృత్యం. దీనికి దొరికే తొలి ముద్రిత సంకలనం జాన్ ప్లేఫర్డ్ 1651లో లండన్‌లో ప్రచురించిన ‘ది ఇంగ్లిష్ డాన్సింగ్ మాస్టర్’. అందులో 105 డాన్సులున్నాయి. ఒక్కో బాణీ కింద ఆడే పద్ధతి నాలుగు ముక్కల్లో రాసి ఉంటుంది. ఆ క్లుప్తత వల్లే 1911 నుంచి ఈ సంకలనంలోని డాన్సులను పునరుద్ధరించి ప్రచురించిన సెసిల్ షార్ప్ చెప్పిన అన్వయాల్లో కొన్నిటిని, ముఖ్యంగా జంట పక్కపక్కకు చేరే కదలికను, తరవాత పాట్ షా వేరేగా చదివారు. షా స్వయంగా ఎన్నో కొత్త డాన్సులు కూర్చారు.

ఉన్న బాణీకి డాన్స్ కట్టడం ఈ సంప్రదాయానికి కొత్త కాదు. హెన్రీ పర్సెల్ 1695లో ‘అబ్దెలాజర్’ నాటకానికి రాసిన హార్న్‌పైప్ అనే నృత్య బాణీని డాన్సు కూర్చేవాళ్లు కొద్ది ఏళ్లలోనే అందుకున్నారు. దానికి కట్టిన డాన్సునే నేటికీ ‘హోల్ ఇన్ ద వాల్’ పేరుతో ఆడుతున్నారు.

కూర్పు బాణీని వినడంతోనే మొదలవుతుంది. చాలా బాణీలు ఎనిమిదేసి బార్ల (తాళపు కొలతల) రెండు భాగాలు. ఒక్కోదాన్ని రెండుసార్లు వాయిస్తే మొత్తం 32 బార్లు. బార్‌కు రెండడుగుల చొప్పున 64 అడుగులు. నలుగురు చేతులు పట్టుకుని వలయంగా ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది అడుగులు చాలు, ఒకరి చుట్టూ ఒకరు అల్లుకుంటూ సాగే ‘హే’కు పదహారు కావాలి. ఈ లెక్క కుదిరినంత మాత్రాన డాన్స్ కుదిరినట్టు కాదు. స్వరం ఊపిరి తీసుకునే చోట కదలిక ముగియాలి. బాణీ పైస్థాయికి ఎగసే చోట జంట ముందుకు నడిస్తే ఎంతో అందం. అక్కడ అందరినీ నిలబెడితే సంగీతం వృథా.

కదలిక నుంచి కదలికకు శరీరం సాగిపోయే తీరే కూర్పులో అసలు పరీక్ష. వలయం ఎడమకు తిరిగితే దేహాలు గడియారపు ముల్లు దిశలో ఊపు అందుకుంటాయి. వెంటనే కుడిచేతులు మధ్యలో కలిపి చక్రంగా నడిస్తే ఆ ఊపే కొనసాగుతుంది. ఎడమచేతులు కలపమంటే అందరూ ఆగి వెనక్కి మళ్లాలి. తెలిసి వాడితే ఈ మలుపూ అందమే, తెలియక వస్తే కాళ్లు తడబడతాయి.

రెండు పొడవాటి వరుసల్లో ఎదురెదురుగా నిలిచే డాన్సులో ఒక ఆవృత్తి ముగిసేసరికి మొదటి జంట ఒక స్థానం కిందికీ, రెండో జంట పైకీ చేరాలి. అప్పుడే ప్రతి ఆవృత్తిలో కొత్త జంట ఎదురవుతుంది. వరుస చివరకు చేరిన జంట ఒక ఆవృత్తి ఆగి, పాత్ర మార్చుకుని తిరిగి వస్తుంది. చాలా పాత డాన్సుల్లో పని మొదటి జంటదే. ఇప్పటి కూర్పరులు రెండు జంటలకూ సమంగా పని ఇవ్వడానికి మొగ్గుతారు, అది న్యాయమే.

కాగితం మీద నడిచినది నేల మీద నడవకపోవచ్చు. అందుకే డాన్సర్లతో ఆడించి, ఎక్కడ ఆలస్యమవుతోందో, ఎక్కడ చేయి అందడం లేదో చూసి సవరిస్తారు. తరవాత బాణీ, వరుసల అమరిక, వేగం, ఏ భాగానికి ఏ కదలికో రాసి, కదలికలను ముందుగా పలికే కాలర్‌కు అందజేస్తారు.