తోళ్ల బేరం చేసిన పేరయ్య

ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు వినని ఇల్లు తక్కువ. ఆయన పేరిట ఆసుపత్రి ఉంది. ఆయనకంటే ముందు వచ్చిన జ్యూయెట్ పేరిట చర్చి ఉంది. యెర్రగుంట్ల పేరయ్య అంటే మాత్రం ఎవరని అడిగేవారే ఎక్కువ. ఈ సీమలో బాప్టిస్టు బోధ పల్లెలకు పాకింది ముందుగా ఆయన నడకతోనే.

పేరయ్యది కనిగిరి వైపు తలకొండపాడు. మాదిగపల్లె మనిషి. తోళ్ల బేరానికి ఏలూరు వైపు దాకా కాలినడకన పోయి వచ్చేవాడు. పోయిన ఊరల్లా బేరమో, చుట్టరికమో ఉండేది. అప్పటికే రాజయోగం ఉపదేశం పొంది, తనవాళ్లలో గురువుగా గౌరవం సంపాదించాడు. ఆ బేరపు దారుల్లోనే మిషనరీల మాట చెవిన పడింది. 1866లో భార్యతో కలిసి ఒంగోలులో బాప్తిస్మం తీసుకుని, పాత దారులే పట్టి కొత్త బోధ చెప్పసాగాడు.

ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. ఆ నెలలోనే క్లౌ తలకొండపాడు వెళ్లేసరికి, పేరయ్య పిలుపు మీద చుట్టుపక్కల పల్లెలవాళ్లు తిండి మూటలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. కొద్ది రోజుల్లోనే 28 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలులో క్లౌ ఒక్కడే బోధించి ఉంటే అంతమంది అంత త్వరగా కదిలేవారు కాదు. పేరయ్య వాళ్లకు అయినవాడు. ఆ మాటకున్న బలం వేరు.

చేరినవాళ్లకు మూడు కట్టుబాట్లు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టేదెవరు, ఆదివారం వెట్టికి వచ్చేదెవరు? కరణాలు, మునసబులు కక్ష కట్టారు. ఏడాదంతా చెప్పులు కుట్టి, మోటకు తోలు బాన కట్టినవాళ్లకు కళ్లంలో అందాల్సిన గింజలకే ఎసరు వచ్చింది. ఆ పల్లెల తెగువను దొరల జీవితచరిత్రల్లో ఇంకా పెద్దగా చెప్పి ఉండాల్సింది.

ఒంగోలులో అగ్రవర్ణాలవారు కూడా ఆసక్తి చూపారు, మాదిగలతో కలవడం మాత్రం వాళ్లకు ఇష్టం లేదు. ఎటు తేల్చుకోవాలో తెలియక క్లౌ బైబిలు తెరిస్తే, దేవుడు ఏర్పరచుకున్నది ఘనులను కాదు, బలహీనులను అని చెప్పే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడిందట. పక్క గదిలో భార్య చేతిలోనూ అదే పుట తెరిచి ఉందట. క్లౌ స్వయంగా చెప్పిన ఈ సంగతి తర్వాత పెద్ద కథైపోయింది.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్లు కంట్రాక్టుకు తీసుకున్నాడు. తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వకం, పని ఆగిన వేళ బోధ. అయినా కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మూడు రోజుల లెక్క 3,536. దీన్ని రెండో పెంతెకొస్తు అని చెప్పుకున్నారు, ఆ ఘనతంతా క్లౌ ఖాతాలో పడింది. నిజానికి ఆ రోజు ఆయన నీళ్లలోకి దిగనే లేదు. బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు.

పేరయ్య కథ మిగిలిందంటే అది క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పుణ్యమే. పాత బోధకుల నోట విని 1899లో ఆమె ఇంగ్లీషులో అచ్చువేసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’లో దొరల కంటే మాదిగపల్లెల గురువులకే చోటెక్కువ. పోతులూరి వీరబ్రహ్మం మాట ఆ పల్లెల్లో ఎలా నడిచిందో కూడా అందులో ఉంది.